మా తబారక్ బిగించిన కంప్యూటర్

మా అన్నయ్యకు ఇద్దరు పిల్లలు. పెద్దవాడు సర్మద్ బస్రాలో చమురు కంపెనీ ఉద్యోగంలో ఉన్నాడు. రెండోది తబారక్. పెళ్లి మాట పెట్టుకోకుండా ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పుకుంటూ అన్నయ్య ఇంట్లోనే ఉండిపోయాను నేను. బగ్దాద్‌లోని జఫరానియాలో మా వీధి వీధంతా నన్ను నిదాల్ టీచర్ అంటుంది. ఆ పిల్ల మాత్రం అత్తా అంటుంది. ఆ పిలుపు వింటే ఇప్పటికీ నాకు సగం అలసట తీరిపోతుంది.

తబారక్‌కి చిన్నప్పటి నుంచి మూతలు తీసే గుణం. ఒక జూలైలో కూలర్‌లో నీళ్లు పైకెక్కడం ఆగిపోయి ఇల్లు పొయ్యిలా తయారైంది. అన్నయ్య తన బ్యాటరీల కొట్టులో ఉన్నాడు. బాగుచేసే మనిషి సాయంత్రానికి గాని రానన్నాడు. పన్నెండేళ్ల పిల్ల, వెన్న రాసుకునే చాకు పట్టుకుని డాబా మీదికెక్కింది. కాసేపటికి చల్లగాలి వచ్చింది. కిందికి దిగినప్పుడు దాని మోచేతుల దాకా నాచు, బురద. వాళ్లమ్మ మాత్రం చల్లబడ్డ ఇంటిని చూడలేదు, కూతురి చేతులనే చూసింది. "రేపు పెళ్లిచూపులకి ఎవరైనా వస్తే ఈ గోళ్లు చూపిస్తావా?" అంది మా వదిన. "చూపిస్తా. ఇంట్లో కూలర్ పాడైందా అని కూడా అడుగుతా" అంది ఆ పిల్ల.

పన్నెండో తరగతి పరీక్షల్లో దానికొచ్చిన మార్కులకి డాక్టరీలో సీటు రాలేదు గాని, ఆర్కిటెక్చర్‌లో వచ్చింది. డాక్టరీ రాలేదని వదిన ఒక పూట అన్నం మానేసింది. రెండో పూటకి తనే గొంతెత్తి వీధంతా వినపడేలా మంగళధ్వని చేసి, పళ్లెం నిండా మిఠాయి పెట్టుకుని గడప గడపకీ తిరిగింది.

మొదటి ఏడాదంతా పెన్సిళ్లు, స్కేళ్లు. రెండో ఏడాది నుంచి కంప్యూటర్ లేకుండా పని జరగదు. ఇంట్లో సర్మద్ వదిలేసి వెళ్లిన పాత కంప్యూటర్ ఒకటి ఉండేది. దానికో జబ్బు. సర్కారు కరెంటు పోయి, వీధి జనరేటర్ మోగి, లైను మారే ఆ రెప్పపాటులో అది చచ్చిపోయేది. మాకు రోజులో ఇలా ఎన్నిసార్లు మారుతుందో ఎవరం లెక్కపెట్టం. దీపం ఆరుతుంది, వెలుగుతుంది, చేతిలో ఉన్న టీ గ్లాసు కూడా దించం. ఆ కంప్యూటర్ మాత్రం ప్రతిసారీ కొత్తగా పుట్టాల్సిందే.

ఒకరోజు పొద్దున, కాలేజీలో బొమ్మ ఇవ్వాల్సిన రోజే, తబారక్ ఆఖరి గీతలు సరిచూసుకుంటోంది. అదొక చిన్న గ్రంథాలయం నమూనా. వారాల తరబడి గీసింది. నేను సమూన్ రొట్టెలు వేడి చేస్తున్నాను. దీపం ఆరింది, వెలిగింది. కంప్యూటర్ మళ్లీ లేచింది గాని ఆ ఫైలు మాత్రం తెరుచుకోలేదు. తబారక్ దాన్ని రెండు మూడు విధాల తెరవాలని చూసింది. తర్వాత లేచి, పెన్సిల్ గీతల కాగితాలే చుట్ట చుట్టుకుని కాలేజీకి వెళ్లింది. సగం మార్కులు వేశారట.

సాయంత్రం వచ్చి మామూలుగా కూర్చుంది. ఏడవలేదు. టీలో రొట్టె ముంచుకుని తింటూ, "నేనే ఒక కంప్యూటర్ బిగిస్తాను" అంది.

"అందరు ఆడపిల్లల్లాగా లాప్‌టాప్ కొనుక్కోవే తల్లీ" అంది వదిన. "సంచీలో పెట్టుకుంటే మర్యాదగా ఉంటుంది."

"హవ్రా లాప్‌టాప్ చూడలేదా అమ్మా? ఎండాకాలం వస్తే దాని మీద గుడ్డు వేపుకోవచ్చు. భవనం బొమ్మ తిప్పమంటే ముక్కుతుంది, మూలుగుతుంది, పడుకుంటుంది."

హవ్రా అంటే దాని క్లాసు స్నేహితురాలు. వీధి చివర ఇల్లు.

"అలాగైతే కొట్లో బిగించిందే తెచ్చుకో" అన్నాడు అన్నయ్య. "నేను బ్యాటరీలు అమ్మేవాణ్ణి, నాకు కంప్యూటర్ల సంగతేం తెలుసు. కానీ పిల్లలు బిగించిన బండి నేనైతే ఎక్కను."

"నువ్వు ఎక్కొద్దులే నాన్నా, నేనెక్కుతా."

దానికి తోడుగా నేను సనాఆ వీధికి వెళ్లాను. కియా మినీబస్సులో ఇరుక్కుని కూర్చుని దిగేసరికి నా నడుం విరిగింది. బగ్దాద్‌లో కంప్యూటర్ అన్న మాట ఎక్కడ మొదలైనా చివరికి వచ్చేది ఆ వీధికే. ఏ కొట్టులోకి వెళ్లినా కుర్రాళ్లు పెద్దావిణ్ణని నన్నే చూసి మాట్లాడేవాళ్లు. "ఏం కావాలి హజ్జియా? అబ్బాయికా?" "అబ్బాయి కాదు నాయనా, ఇదిగో, ఈ అమ్మాయికి." అప్పుడు దానివైపు తిరిగి, "గులాబీ రంగు కీబోర్డు కూడా ఉందమ్మా" అనేవాళ్లు.

ఇక్కడొక నిజం చెప్పుకోవాలి. మొదటిసారి తబారక్ తప్పుగా కొంది. దానికి పందొమ్మిదేళ్లు. గాజు తలుపున్న పెట్టె, లోపల రంగులు మారే పంకాలు, పెద్ద గ్రాఫిక్స్ కార్డు, ఇవన్నీ చూసి దాని కళ్లు జిగేలుమన్నాయి. కంటికి కనపడే వాటి కోసం చేతిలో ఉన్నదంతా దాదాపు పోసింది. కరెంటును లోపలి భాగాలకు పంచే పవర్ సప్లై దగ్గరికొచ్చేసరికి మిగిలిన దానితో సరిపెట్టుకుంది. అమ్మినవాడు దాన్ని అరచేతిలో పెట్టి, "బరువు చూడండి, బరువే నాణ్యం" అన్నాడు. నిజంగానే బరువుగా ఉంది.

ఇంటికి తెచ్చి వంటింటి బల్ల మీద దుప్పటి పరిచి బిగించింది. వెలిగించగానే గదిలో పెళ్లి పందిరి వేసినట్టయింది. హవ్రా వచ్చి దాని పక్కన ఫొటో దిగింది. వదిన కూడా, "పోనీలే, చూడ్డానికి ముద్దుగా ఉంది" అంది. కొన్ని వారాలు బాగానే నడిచింది.

తర్వాత ఒక మధ్యాహ్నం నేనూ వదినా బెండకాయలు కోస్తుండగా జనరేటర్ లైను వచ్చింది. దీపాలు ఒక్కసారి తెల్లగా మండాయి. లోపలి గదిలో టప్పుమని చప్పుడు, ఆ వెంటనే కాలిన చేపలాంటి కంపు. వదిన కత్తి పట్టుకునే పరిగెత్తింది. తబారక్ అప్పటికే ప్లగ్గు పీకేసి, పొగను చేత్తో విసురుతూ నిలబడి ఉంది. పవర్ సప్లై పోతూ పోతూ మదర్‌బోర్డును కూడా తీసుకుపోయింది.

అన్నయ్య వచ్చి చూసి, ఏమీ అనకుండా ఉంటాడేమో అనుకున్నాను. ఆయన అలా ఉండే మనిషి కాదు. "రంగు చూసి గుర్రాన్ని కొన్నవాడు నడిచే ఇంటికొస్తాడు" అన్నాడు.

"నడిచే వచ్చాను కదా నాన్నా. కాళ్లు గట్టిపడ్డాయి" అంది తబారక్. 

మర్నాడు అది ఆ కాలిపోయిన పవర్ సప్లై డబ్బాను వంటింటి బల్ల మీద పెట్టి నాలుగు మరలూ ఊడదీసింది. మేమంతా చుట్టూ మూగాం. లోపల సగం ఖాళీ. మిగతా సగంలో నాలుగు బక్క తీగలు, కాలిన ముక్కలు. అడుగున ఒక బూడిద రంగు దిమ్మ అంటించి ఉంది. తబారక్ దాన్ని గోటితో గీకింది. పొడి రాలింది.

"ఇదేమిటే?" అంది వదిన.

"సిమెంటు. బరువు కోసం పెట్టారు."

వదిన ఆ దిమ్మను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "పోనీ, ఆర్కిటెక్చర్ చదువుకి పనికొస్తుందిలే" అంది.

ముందు తబారక్ నవ్వింది. తర్వాత అన్నయ్య. చివరికి కళ్లల్లో నీళ్లొచ్చేదాకా అందరం నవ్వాం. ఆ నవ్వుతో ఇంట్లో గాలి మారింది. ఆ వారమే తబారక్ ఆ సిమెంటు దిమ్మను పట్టుకుని సనాఆ వీధికి వెళ్లింది, నేను కూడా పక్కనే ఉన్నాను. కొట్టు నిండా జనం. దిమ్మను బల్ల మీద పెట్టింది. అమ్మినవాడు, "మాకు ఎలా వస్తే అలా అమ్ముతాం చెల్లీ" అని మొదలుపెట్టాడు. తబారక్ వాదించలేదు. "ఉంచుకోండి అన్నా, బిల్లులు ఎగిరిపోకుండా బరువుకి పనికొస్తుంది" అని బయటికి వచ్చేసింది. వెనక ఎవరో పగలబడి నవ్వారు. ఇద్దరు కొనుగోలుదారులు మా వెంటే బయటికి వచ్చి, ఏం జరిగిందని అడిగి తెలుసుకున్నారు.

ఆ వేసవంతా తబారక్ మా బడి పిల్లలకు బొమ్మలు గీయడం నేర్పి కూడబెట్టుకుంది. మిగిలిన సమయంలో కంప్యూటర్లు ఎందుకు చస్తాయో చదివింది. ఎలా పరిగెత్తుతాయో చెప్పేవాళ్లు లోకంలో వెయ్యిమంది ఉన్నారు, ఎందుకు చస్తాయో చెప్పేవాళ్లు తక్కువ అనేది. మా ఊళ్లో వాటిని చంపేవి మూడు: వేడి, దుమ్ము, నిలకడ లేని కరెంటు. ఒక్కొక్కదాని మీదా అది విడిగా యుద్ధం ప్రకటించింది.

ఈసారి పవర్ సప్లైతోనే మొదలుపెట్టింది. సనాఆ వీధిలోనే ఒక పై అంతస్తులో ముసలాయన కొట్టు కనిపెట్టింది. ఆయన ప్రతి వస్తువునూ మూత తీసి చూడనిచ్చేవాడు. దాని ప్రశ్నలకు విసుక్కోకుండా, రెండు టీలు తెప్పించి కూర్చోబెట్టేవాడు. కావలసిన దానికంటే ఎక్కువ మోయగల పవర్ సప్లై తీసుకుంది. "బరువు మోసే గాడిదకి ఇంకొంచెం మోసే ఓపిక మిగిలి ఉండాలి అత్తా" అంది. తర్వాత నిలకడైన మదర్‌బోర్డు, త్వరగా వేడెక్కకుండా మరీ ఉరకని ప్రాసెసర్, మంచి మెమరీ. గీసిన ప్రతి బొమ్మకీ ఇంకో నకలు దాచడానికి రెండో డిస్కు. పాత గ్రాఫిక్స్ కార్డు మొన్నటి మంటలో బతికే బయటపడింది కాబట్టి అదే. పెట్టె మాత్రం నల్లటి ఇనప పెట్టె, ఒక్క దీపం కూడా లేనిది.

"ఇదేంటే, బియ్యం డబ్బాలా ఉంది" అంది వదిన.

"బియ్యం డబ్బాని ఎవరైనా ఫొటో తీస్తారా అమ్మా? కానీ ఇల్లు నడిచేది దాంతోనే."

దుమ్ము సంగతి వచ్చినప్పుడు నా మేజోళ్లు పోయాయి. పెట్టెలోకి గాలి తోసే పంకాలు మూడు, బయటికి పంపేది ఒకటే పెట్టింది. లోపలికొచ్చే గాలే ఎక్కువైతే సందుల్లోంచి దుమ్ము చొరబడదట. వచ్చే గాలిని వడగట్టడానికి సన్నటి వల కావాలి. వాళ్లమ్మ పాత తలగుడ్డ కట్టి చూస్తే గాలి ఆడలేదు. ఒకరోజు నేను బడికి తయారవుతుంటే నా అరలో నైలాన్ మేజోడు ఒక్కటీ లేదు. "ఒసేయ్ తబారక్!" అని అరిచాను. "విజ్ఞానానికి దానం చేశావు అత్తా, దేవుడు నీకు పుణ్యం ఇస్తాడు" అని లోపలి గదిలోంచి జవాబు. తర్వాత ఎర్రదుమ్ము లేచి మధ్యాహ్నమే చీకటి పడినట్టయిన రోజున, ఆ మేజోడు విప్పి నాకు చూపించింది. ఇటుకపొడి అద్దినట్టుంది. పెట్టె లోపల వేలితో రాస్తే వేలికి ఏమీ అంటలేదు. నా మేజోళ్లు ఇంతకంటే మంచి పనికి ఎప్పుడూ రాలేదు.

ఇక మిగిలింది కరెంటు. దానికోసం తబారక్ షేక్ ఉమర్ పేటకి వెళ్లింది.

షేక్ ఉమర్ అంటే లారీలు, ఇంజన్లు, నూనె, బూతులు. మా అన్నయ్య ముప్పయ్యేళ్లుగా అక్కడ బ్యాటరీలు అమ్ముతున్నాడు గాని, ఇంటి ఆడవాళ్లెవరం ఆ గడప తొక్కలేదు. నన్ను వెంటబెట్టుకుని ఆ పిల్ల నేరుగా నడిచి వెళ్లింది. దారిలో మెకానిక్కులు బూతు సగంలో మింగేసి తప్పుకున్నారు. కొట్టులో అన్నయ్య మోకాళ్ల మీద కూర్చుని లారీ బ్యాటరీకి నీళ్లు పోస్తున్నాడు. తలెత్తి చూసి కంగారుగా లేచాడు.

"ఎవరికేమైంది? అమ్మకి బాగానే ఉందా?"

"అందరూ బాగున్నారు నాన్నా. నాకు బ్యాటరీ కావాలి."

"ఫోన్ చేస్తే నేనే తెచ్చేవాణ్ణి కదే. ఇక్కడికెందుకొచ్చావు?"

"ఎలాంటిది కావాలో నాకు తెలీదు. అది నీకు తెలుసు. నాకేం కావాలో నీకు తెలీదు. ఫోన్‌లో ఇదంతా తేలదు."

అన్నయ్య చుట్టూ చూశాడు. పక్క కొట్లవాళ్లు పని ఆపి ఇటే చూస్తున్నారు. ఒక్క క్షణం ఆయన ముఖంలో సిగ్గూ కోపమూ కలిసి కదిలాయి. తర్వాత చేతులు తుడుచుకుని, తన కుర్చీని గుడ్డతో తుడిచి, "కూర్చో" అన్నాడు. పక్క కొట్టు అతను, తండ్రిని అబూ, తల్లిని ఉమ్మ్ అని పెద్దకొడుకు పేరుతో పిలిచే మా అలవాటు ప్రకారం, "ఎవరు అబూ సర్మద్?" అని అడిగితే, "మా అమ్మాయి. ఇంజనీరు" అన్నాడు. చదువింకా సగం కూడా కాలేదు. ఆ సంగతి మేమెవరం చెప్పలేదు.

"కారు బ్యాటరీ వద్దు" అన్నాడు అన్నయ్య కాసేపు విన్నాక. "అది ఒక్క తన్ను తన్ని బండిని లేపుతుంది, అంతే. దాన్ని గంటలకొద్దీ పిండితే చస్తుంది. నీకు నిదానంగా ఇచ్చేది కావాలి, సౌర పలకలకు పెట్టే రకం." తనే ఎంచి, తనే మోసుకొచ్చి, డాబా మెట్ల కింద గాలి ఆడేచోట పెట్టాడు. ఇన్వర్టర్ తబారక్ ఎంచుకుంది.

ఆ రోజు కరెంటు పోయేదాకా ఇద్దరూ కంప్యూటర్ ముందు కూర్చుని ఎదురుచూశారు. కరెంటు పోవాలని కోరుకున్న మనుషుల్ని బగ్దాద్‌లో నేను అప్పుడే చూశాను. పోయింది. కంప్యూటర్ కూడా ఆరిపోయి మళ్లీ లేచింది.

"ఇన్వర్టర్ లైను మార్చుకునే లోపల చచ్చిపోతోంది" అంది తబారక్ నీరసంగా. "రెప్పపాటే. అదే చాలు."

అన్నయ్య గడ్డం గోక్కున్నాడు. "ఎందుకు మార్చుకోవడం? లారీలో దీపాలు ఇంజన్ మీద వెలుగుతాయా, బ్యాటరీ మీదా? ఇంజన్ తన మానాన తను బ్యాటరీకి పోస్తూ ఉంటుంది. ఆగినా, నడిచినా దీపానికి తెలీదు."

తబారక్ వాళ్ల నాన్న ముఖంలోకి చూసింది. "అంటే కంప్యూటర్ ఎప్పుడూ బ్యాటరీ మీదే నడవాలి. వీధి కరెంటు బ్యాటరీకి మాత్రమే రావాలి. మధ్యలో మారడమే ఉండదు." అని లేచి ఒక కాగితం మీద గీయడం మొదలుపెట్టింది. ఎంత లావు తీగ కావాలి, ఛార్జర్ ఎంత పోయాలి, ఎక్కడ ఫ్యూజు పెట్టాలి, తండ్రీ కూతుళ్లు ఒకరి మాట మీద ఒకరు మాట వేస్తూ పోట్లాడుకున్నారు. భోజనం చల్లారిపోతోందని వదిన అరుస్తూనే ఉంది. కొత్తగా తీగలు కలిపాక మళ్లీ కరెంటు పోయింది. గదిలో దీపం ఆరింది. కంప్యూటర్ తెర మాత్రం కదలకుండా వెలుగుతూనే ఉంది. వీధిలో జనరేటర్ మోగింది, దీపం వెలిగింది. తెర అలాగే ఉంది.

అన్నయ్య తబారక్ తల మీద చెయ్యి వేసి, ఆ చేతికి నూనె ఉందని గుర్తొచ్చి తీసేశాడు.

ఆ తర్వాత కంప్యూటర్ గురించి మా ఇంట్లో ఎవరం మాట్లాడుకోలేదు. అంతకంటే మంచి మాట ఒక యంత్రం గురించి చెప్పలేను. పిల్ల చదువుకుంది, గీసింది. అది పనిచేసింది.

ఆఖరి సంవత్సరం జూన్‌లో పట్టాకోసం చేసే పెద్ద నమూనా ఇవ్వాలి. కియాలు ఆగే ఒక గ్యారేజీకి, అంటే బస్టాండుకి, తబారక్ కొత్త రూపం గీసింది. జనం ఎండలో మాడకుండా నీడ, గాలి నడిచే దారులు, డ్రైవర్లు టీ తాగేందుకు చోటు. ఇవ్వాల్సిన గడువు ముందు వారం కాలేజీ వీధిలో పెద్ద తీగ కాలి కంప్యూటర్ గదులకు కరెంటు పోయింది. బయట ఎండ ఇనుమును కరిగించేలా ఉంది. గీతలకు వెలుగునీడలు అద్ది భవనం బొమ్మ చేయడానికి కంప్యూటర్‌కి గంటలు పడుతుంది; హవ్రా లాప్‌టాప్ అది పూర్తిచేయలేక మాటిమాటికీ ఆగిపోతోంది. ఒక పొద్దున గైమర్ మీగడా, కాహీ రొట్టెలూ పట్టుకుని ఏడుపు ముఖంతో మా తలుపు తట్టింది. దాని వెనక వాళ్ల క్లాసు కుర్రాడు లైత్, తలొంచుకుని, వాళ్లమ్మను కూడా వెంటబెట్టుకుని వచ్చాడు, మా ఇంట్లో ఆడవాళ్లుంటారని.

"నీ పనే పూర్తి కాలేదు కదే" అన్నాను తబారక్‌తో లోపలికి పిలిచి.

"నా బొమ్మ నిన్నే సగమైంది. మిషన్ ఆగదు అత్తా. వరసలో పెడితే ముగ్గురివీ అయిపోతాయి. ఆగకూడదంతే."

ఆగకూడదంటే బ్యాటరీ నిండుతూ ఉండాలి. ఆ వారం సర్కారు కరెంటు చుట్టం చూపుగా వచ్చిపోతోంది. జనరేటర్ నుంచి మా ఇంటికొచ్చే వాటా కొంచెమే. కూలర్, ఫ్రీజరు, ఛార్జరు అన్నీ కలిస్తే స్విచ్చు పడిపోతుంది. అప్పటికే రెండుసార్లు పడింది. అన్నయ్య కొట్టు నుంచి ఇంకో బ్యాటరీ తెస్తానని బయల్దేరాడు.

వదిన గదిలోకొచ్చి తెర వైపు చూసింది. గ్యారేజీ పైకప్పు మీద వెలుగు చుక్క చుక్కగా పడుతోంది. "ఇది అయ్యేదాకా ఏది ఆపాలి?" అని అడిగింది.

"ఏదో ఒకటి పెద్దది, అమ్మా."

వదిన వెళ్లి ఫ్రీజరు ప్లగ్గు పీకేసింది. అందులో ఈద్ మాంసం, కట్టలు కట్టలుగా ద్రాక్షాకులు, నెలకు సరిపడా దాచుకున్న సరుకు. ఆమె ఫ్రీజరు అంటే ఆమె కోట. మాకెవరికీ అడక్కుండా మూత తీసే హక్కు లేదు.

"ఉమ్మ్ సర్మద్, కరిగిపోతుంది!" అన్నాను.

"కరగనీ. వండుతాను." తలగుడ్డ బిగించింది. "లైత్ వాళ్లమ్మా, ఊరికే కూర్చున్నావేం? ఆకులు చుట్టడం వచ్చా? నిదాల్, ఉల్లిపాయలు. హవ్రా, ఏడుపు ఆపి పెద్ద తపేలా దించు."

ఆ పగలంతా మా వంటిల్లు పెళ్లి వంటిల్లు. గదిలో కంప్యూటర్ పంకాల హోరు, ఇక్కడ గ్యాసు పొయ్యి హోరు. తపేలా నిండా ఆకుల్లో బియ్యం, మాంసం చుట్టిన దోల్మా, ఇంకోదాంట్లో మాంసం పులుసు. ఎవరు తినాలి ఇదంతా? పక్కింటివాళ్లు తిన్నారు, ఎదురింటివాళ్లు తిన్నారు, జనరేటర్ నడిపే అతనికి గిన్నెడు వెళ్లింది. వదిన గిన్నె అందిస్తూ, "లోపల ముగ్గురు ఇంజనీర్ల పని జరుగుతోంది, ఇవాళ లైను పోనిచ్చావో, నీ సంగతి చూస్తా" అంది. తబారక్ తనది మధ్యలో ఆపి పెట్టిన హవ్రాది ముందు అయింది. తర్వాత లైత్‌ది. తబారక్‌ది చివర. సాయంత్రపు నమాజు పిలుపు వినపడేవేళకి తెర మీద దాని గ్యారేజీ నిలబడింది. నీడలో జనం, ఆగి ఉన్న కియాలు. లైత్ వాళ్లమ్మ చూసి, "ఇది ఎక్కడుందమ్మా? అక్కడే దిగుతాను ఇకనుంచి" అంది. "ఇంకా కట్టలేదు ఖాలా" అంది తబారక్, దోల్మా నోట్లో పెట్టుకుంటూ.

కాలేజీలో నమూనాలు చూపించే రోజున కుటుంబాలన్నీ వచ్చాయి. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వెనక వరసలో నిలబడ్డాడు. పెద్ద ప్రొఫెసర్ తబారక్ బొమ్మల ముందు చాలాసేపు ఆగాడు. పైకప్పు కోణం గురించి, ఎండ గురించి, వర్షపు నీరు ఎటు పోతుందో అడిగాడు. అన్నిటికీ చెప్పింది. చివర్లో, "ఈ చిత్రాలు ఏ ఆఫీసులో చేయించావమ్మా?" అన్నాడు. గట్టిగా ఏమీ అనలేదు, మామూలుగానే అడిగాడు. ఆ వారం కాలేజీలో కరెంటు లేదని ఆయనకి తెలుసు మరి.

తబారక్ ముఖం ఎర్రబడింది. "మా ఇంట్లో చేశాను సార్. నా కంప్యూటర్ మీద. అది కూడా నేనే బిగించాను."

"వాళ్లింట్లోనే చేసింది సార్, మావి కూడా అక్కడే అయ్యాయి" అంది హవ్రా పక్క బొమ్మల దగ్గర్నుంచి.

"ఆ వారం కరెంటు ఎక్కడిది?"

వెనక వరసలోంచి మా అన్నయ్య గొంతు వినపడింది. "బ్యాటరీ మాది సార్!"

హాలంతా నవ్వింది. ప్రొఫెసర్ కూడా నవ్వి, వెనక్కి తిరిగి చూసి, "మీ అమ్మాయా?" అన్నాడు. అన్నయ్య తలూపాడు, అంతే. వదిన మాత్రం ఊరుకోలేదు. నలుగురూ వింటారని కూడా చూడకుండా, "దోల్మా నాది" అంది.

ఆ ఏడాది తబారక్‌కి వచ్చిన మార్కు దాని క్లాసులో రెండోది. మొదటిది లైత్‌ది. అన్నయ్యకు ఇప్పటికీ ఆ బాధ కొంచెం ఉంది. "మన మిషన్ మీదే చేసుకుని మనల్నే దాటాడు" అంటాడు. "మన మిషన్ ఎవర్నీ కింద పడెయ్యదు నాన్నా" అంటుంది తబారక్.

ఇప్పుడది కర్రాదా పేటలో ఒక చిన్న ఆర్కిటెక్టుల ఆఫీసులో పనిచేస్తోంది. అక్కడి కంప్యూటర్లన్నీ అదే బిగించింది, ఎవరూ అడక్కముందే. ఇంట్లో నల్ల పెట్టె అలాగే ఉంది. తబారక్‌కి పెళ్లి సంబంధాలు కూడా వస్తున్నాయి. మొన్న వచ్చినవాళ్లకి వదిన టీ ఇచ్చి, తీసుకెళ్లి ముందు ఆ పెట్టెనే చూపించింది.

పోయిన నెల మా బడికి దాతలెవరో పాత కంప్యూటర్లు పంపారు. సగం వెలగవు. మా హెడ్‌మిస్ట్రెస్ వాటిని సామాన్ల గదికి తోయిద్దామంది. నేను తబారక్‌కి చెప్పాను. సెలవు పెట్టి వచ్చింది. ఎనిమిదో తరగతి ఆడపిల్లలను బల్ల చుట్టూ నిలబెట్టి, ఒక్కొక్కరి చేతికీ స్క్రూడ్రైవర్ ఇచ్చింది. పాడైన రెండింటిలోంచి మంచి భాగాలు తీసి ఒకటి చేయడం చూపించింది. నేను వెనక బెంచీ మీద కూర్చుని పరీక్ష పేపర్లు దిద్దుతున్నట్టు నటించాను. ఒక్క పేపరూ ముందుకు సాగలేదు.

"టీచర్, ఇది ఊడదీసి తిరిగి పెట్టలేకపోతే?" అని అడిగింది ఒక సన్నటి పిల్ల, మర మీద చేయి ఆపి.

"అప్పుడు నన్ను పిలువు, ఇద్దరం కలిసి పెడదాం" అంది తబారక్. ఆ పిల్ల మర తిప్పింది.